బస్తా వెనుక లెక్క: రామగుండంలో యూరియా ఎంత తయారైతది, మనకు ఎందుకు అందదు

(కొడిమ్యాలలో జరిగిన మండల రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం యూరియా. యూరియా అనంగనే మనకు యాదికి వచ్చేది లైన్. 2025 వానాకాలంలో చెప్పులు, పట్టాదారు పాసుబుక్కులు వరుసగా పెట్టి, పొద్దుపొడవక ముందు నుంచే సింగిల్ విండో ముందు నిలబడ్డ సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఆ లైన్ల గురించి మనం మస్తు మాట్లాడుకున్నం. ధర్నాలు చేసినం, వినతిపత్రాలు ఇచ్చినం. కానీ ఆఫీసులో కూర్చున్నాయన "స్టాకు రాలేదు, కంపెనీ ఆగింది" అని ఒక్క మాట అంటే మన నోరు మూతపడుతున్నది. కంపెనీ ఎన్ని రోజులు ఆగితే ఎన్ని బస్తాలు తగ్గుతయి? ఆ తగ్గినదానికి, మనకు రానిదానికి పొత్తు కుదురుతదా? ఇది అడగాలంటే లెక్క మన చేతిలో ఉండాలె. ఇయ్యాల నేను ఆ లెక్క చెప్త. పదో తరగతి వరకు చదివినోళ్లకు అర్థమయ్యే లెక్కనే. నేను చదివింది కూడా బడి చదువే.

ముందు మన పక్కన ఉన్న ఫ్యాక్టరీ సంగతి. రామగుండం ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉన్నది గానీ, ఒకప్పుడు మనమందరం ఒక్క కరీంనగర్ జిల్లానే. అక్కడ పాత ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో మొదలైంది. బొగ్గుతో నడిచే కర్మాగారం అది. రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా చేసేటట్టు కట్టిండ్రు. బూడిద ఎక్కువున్న బొగ్గు, కరెంటు అంతరాయాలు, యంత్రాల మొరాయింపు, వీటితో అది కుదురుగా నడవలే. 1999లో మూతపడ్డది. ఆ తర్వాత 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్, అంటే ఆర్‌ఎఫ్‌సీఎల్, ఏర్పడ్డది. నేషనల్ ఫెర్టిలైజర్స్, ఇంజనీర్స్ ఇండియా, ఎఫ్‌సీఐఎల్ కలిసి పెట్టిన సంస్థ ఇది. మన తెలంగాణ ప్రభుత్వానికి కూడా దాంట్లో 11 శాతం వాటా ఉన్నది. 2016 ఆగస్టులో శంకుస్థాపన అయింది, 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబర్ 12న ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిండు. ఇది బొగ్గుతో కాదు, పైపులైన్లో వచ్చే సహజవాయువుతో నడుస్తది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల వేపపూత యూరియా దీని సామర్థ్యం. ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నులు.

ఈ అంకెలు పేపర్లో వస్తయి, మనం చదివి పక్కన పెడతం. ఇయ్యాల వీటిని విప్పి చూద్దాం.

మొదటి లెక్క: దేంట్లకెల్లి ఎంత వస్తది

గాలిలో ఐదు పాళ్లకు నాలుగు పాళ్లు నత్రజని. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీస్తరు. ఈ రెండూ కలిపితే అమ్మోనియా. ఆ అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, కలిపితే యూరియా, దాంతోపాటు నీళ్లు. ఆ కార్బన్ డయాక్సైడ్ కూడా అదే సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడే వస్తది.

పాళ్లు ఎట్లంటే, 34 పాళ్ల అమ్మోనియా, 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ కలిస్తే 60 పాళ్ల యూరియా, 18 పాళ్ల నీళ్లు వస్తయి. అటు 78, ఇటు 78. ప్రకృతి లెక్కలో తరుగు ఉండదు, కాంటా మోసం ఉండదు.

దీన్నే మన 45 కిలోల బస్తాకు మార్చుకుందాం. ఒక్క బస్తా యూరియాకు 25.5 కిలోల అమ్మోనియా, 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలె. 45 కిలోల యూరియా వస్తది, 13.5 కిలోల నీళ్లు బయటకు పోతయి. కూడి చూడుండ్రి, రెండు దిక్కులా 58.5 కిలోలే.

ఇప్పుడు ఫ్యాక్టరీ చెప్పిన అంకెను పరీక్ష చేద్దాం. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా అంటున్నరు. దాన్ని 60తో గుణించి 34తో భాగిస్తే 3,882 టన్నులు. వాళ్లు చెప్పేది 3,850. అంటే అంకె సరిగ్గనే ఉన్నది, తయారైన అమ్మోనియా ఇంచుమించు మొత్తం యూరియాకే పోతున్నదన్న మాట. ఇంకో సంగతి కూడా దీంట్లో ఉన్నది. అమ్మోనియా దిక్కు ప్లాంటు ఆగితే యూరియా దిక్కు కూడా ఆగినట్టే. "యూరియా ప్లాంటు బాగనే ఉన్నది, అమ్మోనియాలోనే సమస్య" అని ఎవరన్నా అంటే, మనకు రెండూ ఒక్కటే.

రెండో లెక్క: వేగం

పాళ్ల లెక్క ఎంత రావచ్చో చెప్తది గానీ, ఎంత సేపట్లో వస్తదో చెప్పదు. దానికి వేగం కావాలె. బోరు నీళ్లు మనకు తెలుసు. గంటకు ఎన్ని నీళ్లు పోస్తదో తెలిస్తే, ఎన్ని గంటల కరెంటు ఉన్నదో తెలిస్తే, ఎంత మడి తడుస్తదో చెప్తం. రియాక్టర్ కూడా గంతే. ఒక ఘనపు మీటరు జాగాలో గంటకు ఎన్ని కిలోలు తయారైతున్నయో అది వేగం. దాన్ని రియాక్టర్ ఎన్ని ఘనపు మీటర్లో దాంతో గుణించి, ఎన్ని గంటలు నడిచిందో దాంతో గుణిస్తే వచ్చిన సరుకు. వేగం, జాగా, సమయం: మూడింటి గుణకారం.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. వేగం ఎప్పుడూ ఒక్క తీరుగ ఉంటదా? కల్లంలో వడ్లు ఆరబోసిన సంగతి చూడుండ్రి. మొదటి రోజు ఎండకు తేమ జల్దిన దిగుతది. చివరి రెండు శాతం, ఆ 17 శాతానికి రావడానికి, ఎంత సతాయిస్తదో మనకెరుక. మొదటి రోజు దిగినంతనే రోజూ దిగుతదని లెక్క కడితే తప్పు పోతది. రసాయన చర్య కూడా అంతే. ముడిసరుకు ఎక్కువున్నప్పుడు వేగం ఎక్కువ, అయిపోయిన కొద్దీ వేగం తగ్గుతది.

ఒక ఉదాహరణ. మూత పెట్టిన పాత్రలో 100 కిలోల సరుకు పోసినం, గంటకు మిగిలి ఉన్నదాంట్లో పదో వంతు మారుతదనుకుందాం. మొదటి గంట 10 కిలోలు. మిగిలింది 90, అందుకని రెండో గంట 9. మిగిలింది 81, మూడో గంట 8.1. నాలుగో గంట 7.3, ఐదో గంట 6.6. కూడితే ఐదు గంటలకు 41 కిలోలు. మొదటి గంట వేగాన్నే పట్టుకొని ఐదుతో గుణిస్తే 50 అని వచ్చేది. పది గంటలకు 100 అని వచ్చేది, నిజానికి వచ్చేది 65 మాత్రమే. అందుకని వేగం మారుతున్నప్పుడు ఒక్కసారి గుణిస్తే కుదరదు. సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చెయ్యాలె, ఒక్కో ముక్కకు విడిగ లెక్క కట్టాలె, అన్నీ కూడాలె. పెద్ద చదువుల్లో దీన్ని సమాకలనం అంటరు. మనం చేసేది కూడికనే.

మరి రామగుండం లాంటి ప్లాంటులో ఏం చేస్తరు? అది పోసి, మూసి, తీసే పాత్ర కాదు. ఒక దిక్కు నుంచి ముడిసరుకు పోతనే ఉంటది, ఇంకో దిక్కు నుంచి సరుకు వస్తనే ఉంటది. లోపల ఎప్పుడు చూసినా అదే వేడి, అదే ఒత్తిడి, అదే పాళ్లు. అందుకే వేగం మారదు. వేగం మారకపోతే గంటలతో నేరుగా గుణించవచ్చు. 3,850 టన్నులను 24 గంటలతో భాగిస్తే గంటకు 160 టన్నులు. బస్తాలు చేస్తే గంటకు 3,565. గంటలో సెకన్లు 3,600. అంటే ఆ ప్లాంటు పూర్తిగ నడిచినప్పుడు సెకనుకు ఒక బస్తా యూరియా బయటకు వస్తున్నది. ఈ ఒక్క మాట యాది పెట్టుకుంటే చాలు, తక్కిన లెక్క వేళ్ల మీద వస్తది.

మూడో లెక్క: ఒక్క తిరుగుడుకే అంతా మారదు

నత్రజని, హైడ్రోజన్ అంత సులువుగ కలవవు. ఇనుముతో చేసిన ఉత్ప్రేరకం కావాలె, 400 నుంచి 500 డిగ్రీల వేడి కావాలె, మామూలు గాలి కంటే 150, 200 రెట్ల ఒత్తిడి కావాలె. వేడి పెంచితే వేగం పెరుగుతది గానీ, తయారైన అమ్మోనియా మళ్లీ విడిపోవుడు కూడా పెరుగుతది. అందుకని ఒక్కసారి రియాక్టర్లోంచి పోతే వందలో ఇరవై, అటూ ఇటూగా, అమ్మోనియా అయితది. మిగిలిన ఎనభైని పారబోయరు. అమ్మోనియాను చల్లబరచి విడదీసి, మిగిలినదానికి కొత్తది ఇరవై కలిపి మళ్లీ లోపలికి పంపుతరు. అట్ల తిరుగుతనే ఉంటది. వంద తిరుగుతది, ఇరవై కొత్తగ పోతది, ఇరవై సరుకుగ వస్తది.

ఈ పద్ధతి పుట్టుక చూస్తే ఆశ్చర్యమైతది. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ తన ప్రయోగశాలలో చేసి చూపించింది గంటకు 125 మిల్లీలీటర్ల అమ్మోనియా. రోజంతా నడిపితే మూడు లీటర్లు, బరువుకు రెండు కిలోల చిల్లర. 1913లో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిండు. ఇయ్యాల రామగుండంలో రోజుకు 22 లక్షల కిలోలు. వేగం, జాగా, సమయం, ఆ మూడే. జాగా పెంచిండ్రు, ఉత్ప్రేరకంతో వేగం పెంచిండ్రు, ఆగకుండ నడిపి సమయం పెంచిండ్రు.

యూరియా రియాక్టర్లో కూడా ఇట్లాంటిదే ఉన్నది. అక్కడ రెండు మెట్లు. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిసి కార్బమేట్ అనేది ముందు తయారైతది, ఇది జల్దిన అయ్యే పని. ఆ కార్బమేట్ లోంచి నీళ్లు విడిపోయి యూరియా అయ్యేది నిదానమైన పని. మన కొనుగోలు కేంద్రంలో చూస్తం కదా: హార్వెస్టర్ ఒక్క పూటలో పది ఎకరాలు కోస్తది, కానీ కాంటా ఒక్కటే ఉంటే రోజుకు ఎన్ని బస్తాలు తూకం అయితయో అన్నే లారీ ఎక్కుతయి. కోత ఎంత జోరుగున్నా లాభం లేదు. రెండు మెట్లున్న పనిలో నిదానమైన మెట్టే ఎంత సరుకు వస్తదో తేలుస్తది.

నాలుగో లెక్క: ఆగిన రోజు ధర

ఇగ అసలు ముచ్చటకు వద్దాం. 3,850ని 330తో గుణిస్తే 12 లక్షల 70 వేలు. ఏడాది సామర్థ్యం అంకె ఇక్కడి నుంచే వచ్చింది. అంటే లెక్క కట్టినోళ్లే ఏడాదిలో 35 రోజులు మరమ్మతులకు వదిలిపెట్టిండ్రు. అది సహజమే. అంత వేడిలో, అంత ఒత్తిడిలో నడిచే యంత్రానికి విశ్రాంతి కావాలె.

కానీ అంతకు మించి ఆగితే? ఒక్క రోజుకు 85,555 బస్తాలు పోయినట్టు. ఎకరానికి రెండు బస్తాల చొప్పున చూస్తే 42 వేల ఎకరాలకు సరిపోయే యూరియా. పది రోజులు ఆగితే ఎనిమిదిన్నర లక్షల బస్తాలు, నాలుగు లక్షల ఇరవై ఏడు వేల ఎకరాలు. ఆగకుండ నడిచినా తక్కువ నడిస్తే? 70 శాతమే నడిస్తే రోజుకు 2,695 టన్నులు, దాదాపు 60 వేల బస్తాలు. రోజుకు 25 వేల పైచిలుకు బస్తాల తరుగు.

ఇంకోటి. రెండు రోజుల మరమ్మతు అంటే రెండు రోజులే పోయినట్టు కాదు. నిలకడగ నడుస్తున్నప్పుడే గంటలతో గుణించవచ్చని చెప్పిన కదా. ఆగిన ప్లాంటు మళ్లీ వేడెక్కాలె, ఒత్తిడి ఎక్కాలె, పాళ్లు కుదరాలె. మన బోరు మోటరు స్విచ్చు లాంటిది కాదు. రెండు రోజుల పని ఐదు రోజులకు పోయిందనుకుంటే నాలుగు లక్షల పైన బస్తాలు పోయినట్టు. నెలలో రెండు మూడు సార్లు ఆగి నడిస్తే, ఆగిన గంటల కంటే పోయిన బస్తాలు ఎక్కువుంటయి.

2025 ఆగస్టులో, సరిగ్గ మనకు పైపాటు యూరియా కావలసిన రోజుల్లో, రామగుండం ప్లాంటు సాంకేతిక లోపాలతో ఆగింది. అదే ఏడాది బయటి దేశాల నుంచి రావలసింది కూడా ఆలస్యమైంది. మన దేశం 2023-24లో సుమారు 314 లక్షల టన్నుల యూరియా తయారు చేసుకొని, 70 లక్షల టన్నులు బయటి నుంచి తెచ్చుకున్నది. ఐదు బస్తాల్లో దాదాపు ఒక బస్తా ఓడ మీద వచ్చిందే. ఇంటి పొయ్యి ఆరినప్పుడే పక్కింటి నుంచి వచ్చేది కూడా రాకపోతే పస్తు తప్పదు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. అమ్మోనియా లీకైతుంటే కూడా నడపాలని మనం అడగొద్దు. అక్కడ పని చేసేటోళ్లు మనోళ్లే, మన రైతు కుటుంబాల పిల్లలే. వాళ్ల ప్రాణం మీద మన బస్తా రావొద్దు. మనం అడిగేది వేరే: ఆగే రోజులు ముందే తెలిసినప్పుడు, ఆగితే ఎంత తగ్గుతదో వేళ్ల మీద లెక్క వస్తున్నప్పుడు, ఆ తరుగుకు సరిపడ నిల్వ ముందే ఎందుకు పెట్టలేదని.

రామగుండంలో తయారైన యూరియా అంతా తెలంగాణకే వస్తదనుకోవడం కూడా పొరపాటు. అది ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌కు కూడా పోతది. ఏ రాష్ట్రానికి ఎంతనేది కేంద్ర ఎరువుల శాఖ నెలనెలా తేలుస్తది. అక్కడి రైతులు కూడా రైతులే, వాళ్లతో మనకు పంచాయితీ లేదు. కానీ కేటాయించింది ఎంత, వచ్చింది ఎంత అనే లెక్క అందరి ముందట ఉండాలె.

ఐదో లెక్క: మన పొలం కూడా రియాక్టరే

ఫ్యాక్టరీని అడిగే ముందు మన మడి లెక్క కూడా చూసుకుందాం. యూరియా చల్లినంక మొక్క దాన్ని అట్లనే తినదు. మట్టిలో ఉన్న యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని మళ్లీ అమ్మోనియా దిక్కు మారుస్తది. ఫ్యాక్టరీలో కట్టినదాన్ని మట్టి విప్పుతది. మన వేడికి ఇది కొద్ది రోజుల్లోనే అయిపోతది. లెక్క కోసం రోజుకు సగం మారుతదనుకుందాం. 45 కిలోల్లో మొదటి రోజు 22.5, రెండో రోజు 11.25, మూడో రోజు 5.6. మూడు రోజుల్లో 39 కిలోలు మారిపోయినయి. అంత అమ్మోనియాను మూడు రోజుల్లో మొక్క గుంజుకోగలదా? గుంజుకోనిది గాలికి పోతది, నీళ్లతో పోతది. వేపపూత ఉంటే తర్వాతి మార్పు కొంత నిదానమైతది, అంతే.

బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. వానాకాలం వరికి ఎకరానికి 40 నుంచి 48 కిలోల నత్రజని సరిపోతదని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్తది. అంటే రెండు నుంచి రెండుంబావు బస్తాలు. డీఏపీ బస్తా వేస్తే దాంట్లో 9 కిలోల నత్రజని ఉంటది, అది తీసెయ్యాలె. దీన్ని మూడు దఫాలుగ వెయ్యాలె: దమ్ములో, పిలక దశలో, అంకురం దశలో. నిలిచిన నీళ్లలో చల్లొద్దు, నీళ్లు తీసి బురద పదును మీద చల్లి, ఒకటి రెండు రోజులకు మళ్లీ నీళ్లు పెట్టాలె. ఇది ఎవరో తక్కువ వాడుమని చెప్పే నీతి కాదు. వేగం లెక్క అదే చెప్తున్నది. లైన్లో నిలబడి తెచ్చిన బస్తా గాలికి పోతే ఆ నష్టం మనదే. అట్లని, "రైతులు ఎక్కువ వాడుతున్నరు కాబట్టే కొరత" అని ఎవరన్నా అంటే మాత్రం ఊకోవద్దు. మూడో దఫా యూరియా అంకురం దశలో అందకపోతే, పొదుపుగ వాడిన రైతే ముందు నష్టపోతడు. ఎందుకంటే ఆయన ఇంట్లో నిల్వ పెట్టుకోలేదు.

మనం ఏం అడగాలె

ఒకటి, రామగుండం ప్లాంటు ఏ రోజు ఎన్ని టన్నులు తీసింది, ఎన్ని గంటలు ఆగింది అనేది రోజూ జనానికి తెలిసేటట్టు పెట్టాలె. మన రాష్ట్ర ప్రభుత్వానికి 11 శాతం వాటా ఉన్నది, అడిగే హక్కు ఉన్నది.

రెండు, ముందే అనుకున్న మరమ్మతులు ఏప్రిల్, మే నెలల్లో చెయ్యాలె. యాసంగి కోతలకు, వానాకాలం నాట్లకు నడుమ ఉన్న సందు అది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ప్లాంటు పూర్తి బలంతో ఉండాలె.

మూడు, నిల్వ లెక్క రోజుల్లో చెప్పాలె. "సరిపడ స్టాకు ఉన్నది" అనే మాట మనకు వద్దు. ప్లాంటు పదిహేను రోజులు ఆగినా ఇబ్బంది లేనంత నిల్వ సీజన్ ముందే జిల్లాల్లో ఉండాలె.

నాలుగు, ప్రతి సింగిల్ విండో గోడ మీద నెల కేటాయింపు, వచ్చిన బస్తాలు, పంచిన బస్తాలు, మూడు అంకెలు రాయాలె.

ఇవి నోటితో అడిగితే ఇయ్యకపోతే, 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయల రుసుముతో కేంద్ర ఎరువుల శాఖను రాతపూర్వకంగ అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాలె. ప్రతి ఊరి కమిటీలో లెక్క తెలిసిన ఒక పిల్లగాన్నో పిల్లనో ఈ పనికి పెట్టుండ్రి. ఇంటర్ చదివే పిల్లలు ఈ పాళ్ల లెక్క బడిలో నేర్చుకుంటున్నరు. వాళ్ల పుస్తకంలో ఉన్న లెక్క మన సింగిల్ విండో ముందట పనికి రావాలె.

వచ్చే సీజన్‌లో "కంపెనీ ఆగింది" అని ఎవరన్నా అంటే, "ఎన్ని రోజులు?" అని అడుగుండ్రి. రోజులు చెప్పంగనే 85,555తో గుణించుండ్రి. "మా జిల్లా వాటా ఎంత, మిగిలిన బస్తాలు ఏమైనయి?" అని అడుగుండ్రి. అంకెతో అడిగిన రైతుకు అంకెతోనే జవాబు చెప్పాలె.